వచ్చిన లెక్క, రావలసిన లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు పూర్తి చేసికొన్న శుభసమయమున నన్ను పిలిచి నాలుగు మాటలు చెప్పుమని కోరినందులకు కార్యవర్గమువారికి నా కృతజ్ఞతలు. నేను కళాశాలలో భౌతికశాస్త్రము బోధించువాడను. సభలను రంజింపజేయు నేర్పు నాకు లేదు. కావున నాకు తెలిసిన విషయమునే, తెలిసినంతవరకు, మీ ముందుంచెదను.

ఇంతకుముందు కార్యదర్శిగారు వార్షిక నివేదిక చదివిరి. అందులో ఒక వాక్యము నా మనస్సునకు హత్తుకొన్నది. ఈ సంవత్సరము పుస్తకముల తనిఖీ చేయగా, జాబితాలో ఉన్నన్ని పుస్తకములు బీరువాలలో లేవనియు, కనబడనివానిని పేర్లతో సహా వ్రాసి ఉంచితిమనియు వారు చెప్పిరి. కొందరు నవ్విరి. పండుగనాడు ఈ మాట ఎందుకని కొందరు గుసగుసలాడిరి. నాకు మాత్రము నా ఉపన్యాసమునకు ఇంతకంటె మంచి ప్రస్తావన దొరకదని తోచినది. జాబితా ప్రకారము రావలసినది ఒక లెక్క. బీరువాలో చూడగా వచ్చినది వేరొక లెక్క. ఈ రెండును కలియనప్పుడు మనుష్యుడు ఏమి చేయవలెను? నేటి నా ప్రసంగమంతయు ఈ ప్రశ్నను గురించియే.

మొదట నా సంగతి చెప్పెదను. విద్యార్థిగా ఉన్ననాడు ప్రయోగశాలలో సరళ లోలకముతో భూమ్యాకర్షణను కొలువవలసి వచ్చినది. దారమునకు లోహపు గుండు కట్టి, ఊపి, ఇరువది ఊపులకు ఎంత కాలము పట్టినదో చూచి, గుణించి భాగించినచో 980కి దగ్గరగా రావలెనని పుస్తకములో ఉన్నది. నాకు 1,003 వచ్చినది. ప్రక్కవానికి 979 వచ్చినది. నేను కాలమును రవంత సవరించి, 981 అని శుభ్రముగా వ్రాసి, పూర్తి మార్కులు పొందితిని. నాలుగు దినముల పిమ్మట తెలిసినదేమనగా, నేను దారపు పొడవును గుండు నడిమికి గాక గుండు అడుగునకు కొలిచితిని. నా తప్పు నాకు కనబడుటకు ఉన్న ఒకే ఒక ఆనవాలు ఆ 1,003. దానినే నేను చెరిపివేసితిని. ఈనాడు నా విద్యార్థులును అదే పని చేయుచున్నారు. వారిని మందలించినప్పుడెల్ల నాకు నా 981 జ్ఞాపకమునకు వచ్చును.

ఇట్టి చిక్కులోనే పడి, చాలకాలము పెక్కుమంది నమ్మకున్నను, తనకు వచ్చిన లెక్కను మార్చని ఒక శాస్త్రజ్ఞుడు గలడు. ఆయన పేరు రేమండ్ డేవిస్. అమెరికా దేశస్థుడు. 1914లో జన్మించి 2006లో దివంగతుడయ్యెను. ఆయన లెక్కించినవి న్యూట్రినోలు. అవి ఏమో ముందు చెప్పవలెను.

న్యూట్రినో పుట్టినదే లెక్క తప్పుటవలన. కొన్ని పదార్థముల పరమాణువులు తమంతట తామే విడిపోవుచు ఎలక్ట్రానును వెలికి విసరును. విసరకముందు ఉన్న శక్తిని, తరువాత ఉన్న శక్తిని లెక్కించినచో కొంత తగ్గుచుండెను. ఆ తగ్గినది ఎక్కడకు పోయినట్లు? శక్తి నశింపదను నియమమే తప్పేమోనని గొప్పవారికే సందేహము కలిగినది. 1930లో వోల్ఫ్‌గాంగ్ పౌలి అను శాస్త్రజ్ఞుడు, కంటికి గాని యంత్రమునకు గాని చిక్కని ఒక సూక్ష్మ కణము ఆ శక్తిని ఎత్తుకొని పోవుచుండవచ్చునని ఊహించెను. ఆ దొంగను పట్టుటకు ఇరువదియారేండ్లు పట్టినది. 1956లో రైనెస్, కోవన్ అను ఇరువురు అణు రియాక్టరు ప్రక్కన యంత్రమును నిలిపి, న్యూట్రినో ఉన్నదని నిరూపించిరి.

సూర్యుడు వెలుగుటకు కారణము అతని గర్భములో హైడ్రోజను హీలియముగా మారుట. అట్లు మారునప్పుడెల్ల న్యూట్రినోలు పుట్టును. అవి సూర్యుని దాటి ఎనిమిది నిమిషములకు పైచిలుకు కాలములో మనలను చేరుకొనుచున్నవి. మీ బొటనవ్రేలి గోరంత చోటునుండి ప్రతి సెకనునకు సుమారు 6,500 కోట్ల న్యూట్రినోలు దూసికొని పోవుచున్నవి. పగలు తలమీదుగా వచ్చును. రాత్రి భూమినంతయు దాటి మన మంచముల క్రిందినుండి వచ్చును. దేనిని తాకవు, దేనిని కదల్పవు. ఏ కోట్లలోనో ఒకటి ఒక పరమాణువును తాకును. ఆ ఒక్కదానిని పట్టవలెను.

క్లోరిన్‌ను న్యూట్రినో తాకినచో అది ఆర్గాన్ అను వాయువుగా మారునని, ఆ ఆర్గాన్‌ను లెక్కించినచో న్యూట్రినోలను లెక్కించినట్లేనని పోంటెకోర్వో అను శాస్త్రజ్ఞుడు 1946లోనే సూచించియుండెను. డేవిస్ ఆ ఉపాయమును చేపట్టెను. క్లోరిన్ గల ద్రవము సులభముగా లభించునది ఏది? పట్టుబట్టలను నీరు లేకుండ ఉతుకు దుకాణములలో వాడు ద్రవము. దానిని సుమారు 3,80,000 లీటర్లు తెప్పించి, ఒక పెద్ద ఇనుప తొట్టిలో నింపెను. ఆ తొట్టిని అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రములో హోమ్‌స్టేక్ అను బంగారు గనిలో, భూమికి 1,478 మీటర్ల లోతున నిలిపెను.

అంత లోతునకు ఏల పోవలెనని మీరు అడుగవచ్చును. ఆకాశమునుండి విశ్వకిరణములు ఎడతెగక కురియుచున్నవి. భూమిపైన వాని సద్దులో న్యూట్రినో అడుగుల చప్పుడు వినబడదు. అంత మందమైన రాతిని విశ్వకిరణములలో బహు కొద్ది మాత్రమే దాటగలవు. న్యూట్రినోకు ఆ రాయి అడ్డుకానే కాదు. కావున గని అడుగున నిశ్శబ్దము ఉండును. పొలములో రాత్రి కావలి యున్నవారికి ఇది చెప్పనక్కరలేదు. నిశ్శబ్దములోనే గదా చిన్న అలికిడి తెలియును.

సూర్యునినుండి ఎన్ని న్యూట్రినోలు రావలెనో జాన్ బాకాల్ అను యువ శాస్త్రజ్ఞుడు గుణించియిచ్చెను. ఆ లెక్క ప్రకారము తొట్టిలో రోజుకు ఒకటిన్నర ఆర్గాన్ పరమాణువు పుట్టవలెను. తొట్టిలో ఆర్గాన్‌గా మారగల క్లోరిన్ పరమాణువులో, 2 ప్రక్కన 30 సున్నలు పెట్టినన్ని. అందులో రెండు మూడు నెలలలో ఆర్గాన్‌గా మారునవి కొన్ని పదులు మాత్రమే. హీలియము వాయువును బుడగలుగా పంపి, వానిని ద్రవమునుండి వెడలగొట్టి, చల్లబరచిన బొగ్గుపై పట్టి, వ్రేలంత గొట్టములోనికి చేర్చి, ఒక్కొక్కటి విచ్చిపోవునప్పుడు లెక్కించవలెను. ఆ ఆర్గాన్‌లో సగము 35 దినములలో విచ్చిపోవును గనుక ఆలస్యము కూడదు.

1968లో డేవిస్ మొదటి ఫలితమును ప్రకటించెను. రావలసినంత రాలేదు. తరువాత యంత్రమును మెరుగుపరచి ఏండ్ల తరబడి లెక్కించినను, రోజుకు సుమారు అర పరమాణువే. అనగా మూడింట ఒకవంతు.

ఇక్కడ మీరు ఆయన స్థితిని ఊహింపవలెను. మూడింట రెండువంతులు ఏమైనవి? సిద్ధాంతకర్తలు డేవిస్ ప్రయోగము తప్పనిరి. ప్రయోగశాలలవారు బాకాల్ గుణకారము తప్పనిరి. ఆ మహాసముద్రము వంటి ద్రవములో నాలుగు పరమాణువులను ఏరి లెక్కించితినన్నచో ఎవరు నమ్మెదరు? డేవిస్ మొట్టమొదట తన్నుతానే అనుమానించెను. తెలిసినంత ఆర్గాన్‌ను తానే తొట్టిలో విడిచి, అది తిరిగి వచ్చునో లేదో చూచెను. వచ్చినది. గొట్టములను, లెక్కించు యంత్రమును మరల మరల పరీక్షించెను. లోపము కనబడలేదు. కనబడనప్పుడు, రావలసిన సంఖ్యవైపు తన సంఖ్యను జరుపలేదు. మరల తొట్టిలో వాయువును పంపి మరల లెక్కించెను. 1970 మొదలు 1994 వరకు 108 పర్యాయములు ఆర్గాన్‌ను తీసి లెక్కించిరి. ఇరువదియైదేండ్లపాటు ఒక్క జవాబు. మూడింట ఒకవంతు.

ఈ గ్రంథాలయము వయస్సు ఎంతయో, ఆయన లెక్క సాగిన కాలము కూడ దాదాపు అంతయే. ఒక్కసారి వెనుకకు తిరిగి చూడుడు. ఆనాడు ఒడిలో ఉన్న బిడ్డ ఈనాడు తన బిడ్డను ఎత్తుకొని ఈ సభకు వచ్చినది. అంతకాలము ఒక మనుష్యుడు, లోకము కాదన్న సంఖ్యను, కాగితముపై ఉన్నదున్నట్లు వ్రాయుచుండెను.

తుదకు ఆ చిక్కు ఇట్లు విడినది. న్యూట్రినోలు మూడు జాతులు. సూర్యునిలో పుట్టునది ఒక జాతి మాత్రమే. డేవిస్ తొట్టిలోని క్లోరిన్ పట్టగలిగినదియు ఆ జాతినే. ఒక జాతి మరియొక జాతిగా మారవచ్చునని పోంటెకోర్వో ఊహించియుండెనుగాని చాలకాలము పెక్కుమంది దానిని లెక్కచేయలేదు. కెనడా దేశములో సడ్‌బరీ దగ్గర నికెల్ గనిలో, రెండు కిలోమీటర్ల లోతున, 1,000 టన్నుల భారజలముతో ఒక యంత్రమును కట్టిరి. అది మొదటి జాతిని విడిగాను, మూడు జాతులను కలిపియు లెక్కింపగలదు. 2001, 2002 సంవత్సరములలో ఆ ఫలితములు వెలువడినవి. మొదటి జాతి మూడింట ఒకవంతు. మూడును కలిపినచో బాకాల్ చెప్పినంత. బాకాల్ లెక్కయు సరియైనదే, డేవిస్ లెక్కయు సరియైనదే! తప్పినది, న్యూట్రినో దారిలో మారదని అందరును చేసికొన్న నమ్మకము. అట్లు మారవలెనన్నచో దానికి ఎంతో కొంత బరువుండి తీరవలెను. బరువే లేదని పుస్తకములలో వ్రాసికొన్న కణమునకు బరువున్నదని ఈ విధముగా తేలినది. 2002లో డేవిస్‌కు నోబెల్ బహుమానములో భాగము లభించినది. ప్రదానోత్సవము నాటికి ఆయన వయస్సు 88 ఏండ్లు.

డేవిస్ తన సంఖ్యను ఒకటిన్నరకు దగ్గరగా జరిపియున్నచో ఏమగును? అందరును మెచ్చుకొనెడివారు. న్యూట్రినో రహస్యము మాత్రము తొట్టి అడుగుననే ఉండిపోయెడిది.

ఇదంతయు పరదేశముల కథయని తలంపవలదు. మన చిత్తూరు సీమకు పొరుగున, కర్ణాటకలో, తెలుగు మాట నలుగడల వినబడు కోలారు బంగారు గనులు మీకు తెలియును. బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థవారు ఆ గనులలో దిగి, లోతుపోయినకొలది విశ్వకిరణములు ఎట్లు తగ్గునో కొలిచిరి. మిక్కిలి లోతున యంత్రమును నిలిపి రెండు నెలలు కాచుకొన్నను ఒక్క కిరణమును రాలేదు. ఏమియు రాలేదని వారు నిరుత్సాహపడలేదు. ఇంత నిశ్శబ్దముగా ఉన్న చోట న్యూట్రినో అలికిడిని వినవచ్చునని గ్రహించిరి. శ్రీకంఠన్, మేనన్, నరసింహం, రమణమూర్తి మొదలగువారు, జపానులోని ఒసాకా, ఇంగ్లండులోని డర్హమ్ విశ్వవిద్యాలయముల వారితో కలసి, సుమారు 2,300 మీటర్ల లోతున యంత్రములను అమర్చిరి. విశ్వకిరణములు గాలిని తాకినప్పుడు వాతావరణములో పుట్టు న్యూట్రినోల జాడను 1965లో కనుగొనిరి. ఆ సంవత్సరమే దక్షిణాఫ్రికా గనిలో రైనెస్ బృందమును కనుగొన్నది. ప్రపంచములో మొట్టమొదట ఆ న్యూట్రినోలు తెలియవచ్చినది ఆ రెండు గనులలోనే. అట్టి వాతావరణ న్యూట్రినోలే 1998లో జపానులోని సూపర్ కామియోకాండే యంత్రములో, జాతి మారునను సంగతికి గట్టి సాక్ష్యమిచ్చినవి. కోలారు గనులు 2001లో మూతపడినవి. బంగారము తరిగినను ఆ లోతున దొరికిన జ్ఞానము తరుగలేదు.

ఇప్పుడు వేరొక లెక్కను గురించి చెప్పి ముగించెదను. ఇది నేటికిని తేలని లెక్క. వడిసెలలో రాయి పెట్టి త్రిప్పునప్పుడు, త్రాడు పట్టుకొనియుండుటవలననే రాయి ఎగిరిపోక తిరుగును. నక్షత్రములు కూడ అట్లే తమ మండలము నడిమి చుట్టు తిరుగుచున్నవి. అక్కడ త్రాడు గురుత్వాకర్షణ. 1933లో జ్వికీ అను శాస్త్రజ్ఞుడు నక్షత్ర మండలముల గుంపు నొకదానిని చూచి, కంటికి కనబడు పదార్థపు ఆకర్షణ అంత వేగమునకు చాలదనెను. 1970లో వేరా రూబిన్ అను విదుషీమణి, కెంట్ ఫోర్డ్‌తో కలసి, ఆండ్రోమెడా మండలములోని వేగములను కొలిచి ప్రకటించెను. అంచున ఉన్నవి వేగము తగ్గవలసినది, తగ్గలేదు. త్రాడు చాలని చోట రాయి ఎగిరిపోలేదు. కావున కనబడని పదార్థమేదో పట్టియుంచుచున్నది. దానినే కృష్ణ పదార్థమందురు. విశ్వములోని పదార్థములో ఆరింట ఐదువంతులు అదియేనని నేటి గణన. న్యూట్రినోలే అది కావచ్చునేమోయని కొంతకాలము తలంచిరిగాని, వాని బరువు మిక్కిలి స్వల్పమగుటచేత అవి చాలవు.

డేవిస్ తొట్టి ఉన్న ఆ గుహలోనే ఈనాడు కృష్ణ పదార్థమును వెదకు యంత్రము ఉన్నది. బంగారు గని మూతపడిన పిమ్మట దానిని పరిశోధనశాలగా మార్చిరి. సున్నకు దిగువ సుమారు 100 డిగ్రీల చలిలో ద్రవముగా ఉంచిన ఏడు టన్నుల జెనాన్‌ను నింపి, చుట్టును నీటి తొట్టి కట్టి, కృష్ణ పదార్థపు కణమేదైన తాకినచో మెరయు వెలుగుకొరకు కాచుకొనియున్నారు. 2022లో మొదటి ఫలితము, 2024లో మరియొక ఫలితము ప్రకటించిరి. కృష్ణ పదార్థము కనబడలేదని నిస్సంకోచముగా వ్రాసిరి. ఎక్కడెక్కడ లేదో తెలియుట కూడ జ్ఞానమే. వెదకవలసిన చోటు అంతమేరకు తగ్గును.

ఆ శాస్త్రజ్ఞులు చేసిన ఒక ఏర్పాటు నాకు చాల నచ్చినది. తమకు కావలసినది కనబడవలెనను కోరిక తమ కన్నులను మోసగించునని వారికి తెలియును. కావున నిజమైన వానివలె ఉండు కల్పిత సంకేతములను, తమకు తెలియకుండ, లెక్కలలో నడుమ నడుమ కలిపించుకొందురు. పరిశీలన నియమములు స్థిరపడినంతవరకు ఏవి నిజమో ఏవి కల్పితమో ఎవరికిని చెప్పరు. ఆ పిమ్మటనే కల్పితములను తీసివేసి, మిగిలినదేమో చూతురు. దీనికి వారు పెట్టుకొన్న ముద్దుపేరు ఉప్పు కలుపుట. నా 981 వ్రాసిన చేతికి ఆనాడు ఇట్టి కట్టడి ఉన్నచో ఎంత బాగుండెడిదో!

మరియొక విశేషము. 2024లో ఇటలీలోను చైనాలోను ఇటువంటి జెనాన్ యంత్రములలో కృష్ణ పదార్థము కనబడలేదుగాని, సూర్యుని న్యూట్రినోల జాడ లీలగా కనబడినది. డేవిస్ ఒక్కొక్కటిగా ఏరుకొన్న అతిథులు ఇప్పుడు పిలువకయే వచ్చి, వేరొకరికొరకు తెరచిన తలుపును తట్టుచున్నారు. ఇకమీదట కృష్ణ పదార్థమును వెదకువారు వీరిని ప్రత్యేకముగా లెక్కకట్టి తీసివేయవలసియుండును.

దీనివలన మనకేమి లాభమని ఒక పెద్దమనుష్యులు నన్ను ఇక్కడికి వచ్చు దారిలోనే అడిగిరి. న్యూట్రినోవలన మన వరి ఒక గింజ ఎక్కువ పండదు. కృష్ణ పదార్థము దొరికినను చెరువులోనికి నీరు రాదు. ఈ మాట దాచుట నాకు ఇష్టము లేదు. అయితే, సూర్యుడు ఎట్లు వెలుగుచున్నాడో డేవిస్ తొట్టివలనను, దాని తరువాత వచ్చిన యంత్రములవలనను మనకు సాక్ష్యముతో తెలిసినది. ఆ వెలుగుననే మన పంట పండుచున్నది. తాను తిను అన్నము ఎక్కడినుండి వచ్చుచున్నదో తెలిసికొనగోరుట మనుష్యునకు సహజము.

లెక్క కలియని చోటనెల్ల క్రొత్త విషయము దాగియుండునని మాత్రము నేను చెప్పను. నూటికి తొంబదితొమ్మిది పర్యాయములు అక్కడ ఉండునది మన పొరపాటే, నా లోలకములో ఉన్నట్లు. కాని పొరపాటైనను, క్రొత్త సత్యమైనను, తెలియవలెనన్నచో వచ్చిన సంఖ్య కాగితముపై నిలిచి ఉండవలెను. చెరిపివేసిన సంఖ్య రెంటిలో దేనిని చెప్పదు.

అందుచేత కార్యదర్శిగారికి నా మనవి ఒక్కటి. కనబడని పుస్తకముల పట్టికను ఈ రజతోత్సవ సంచికలో కూడ అచ్చువేయుడు. సిగ్గుపడవలసినది లేదు. అందులో కొన్ని మన ఇండ్లలోనే అటకలమీద ఉండవచ్చును. పట్టికలో పేరు చూచిన పిల్లవాడెవడో అటక ఎక్కి వెదకును. నా చిన్ననాట ఈ ఊరి గ్రంథాలయమునుండి తీసికొనిపోయిన ఒక భౌతికశాస్త్ర వాచకము నా పెట్టెలో ఇన్నాళ్లు ఉండిపోయినది. నివేదిక వినుచుండగా జ్ఞాపకమునకు వచ్చినది. దానిని రేపే పంపెదను. మీ పట్టికలో ఒక పంక్తి కొట్టివేయవచ్చును.